జిల్లేడాకు కింది జుంకీ

మొన్న నా ఫోన్‌లో చోటు నిండిపోయిందని మా కోడలు దాన్ని తీసుకుని, పల్లె విడిచి వచ్చాక మేముంటున్న మదనపల్లె ఇంటి వసారాలో కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. ఎవరివో పెళ్లి ఫోటోలు, రేషన్ కార్డు ఫోటోలు, పొద్దున్నే అందరూ అందరికీ పంపుకునే రోజాపూలు. వాటి వెనకాల వచ్చాయి సీతాకోకచిలుకలు, వందల కొద్దీ. "అత్తా, ఇవన్నీ మసక మసకగా ఉండాయి. పసుపు నీళ్లు సల్లినట్టుండాది గానీ ఏం అవుపించేదే లేదు. తీసేసేదా?" అంది. "ఒక్కటి తీసినావంటే నీకూ నాకూ సరిపోదు" అన్నాను. "మరి చోటెట్ల వస్తాదత్తా?" "పెండ్లి ఫోటోలు తీసెయ్. ఆ పెండ్లికొడుకు మొకం దినామూ సూసేదానికి వాడు మనకేమన్నా సుట్టమా?" ఆమె నవ్వి, నిజంగానే పెళ్లంతా తీసేసింది. సీతాకోకలు మిగిలాయి. ఆ మసక ఫోటోలు తీసింది మా ఆడబిడ్డ.

నేను పుంగనూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చేటప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. పావడా కట్టుకుని, ముక్కు చీదుకుంటూ, నా పెట్టెలో ఏమేం ఉన్నాయో నాకంటే ముందు చూసేసిన పిల్ల. అందుకే ఆమెకు తల నెరిసినా నేను పాపా అనే పిలిచాను. అందగత్తె కాదు. నేనూ కాదు కాబట్టి ఆ విషయంలో మాకు తగవు రాలేదు. ఇంటిల్లిపాదీ కూలికి పోయే రోజుల్లో పట్టుబట్టి చదివి, నర్సయి, మా ఇంట్లో మొట్టమొదట జీతం తీసుకున్న మనిషి ఆమె. కుప్పంలో ఉద్యోగం, అందులోనూ కాన్పుల గదిలో. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నన్నడిగినవాళ్లను, పోయి ఆమెనే అడగమనేదాన్ని. ఆమెను అడిగే ధైర్యం మా వైపు ఎవరికీ ఉండేది కాదు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అప్పటికి నాకు యాభై దాటాయి. "వేలిముద్ర ఏసేటప్పుడు నీ మొకం సూడలేకపోతాండా వదినా, దొంగతనం సేసినట్టు పెట్టుకుంటావు" అని పలక తెచ్చి ముందర పెట్టింది. కాన్పుల గదిలో ఆడవాళ్లను అరిచినట్టే నన్నూ అరిచి నేర్పింది.

ఉద్యోగం ఇంకా రెండు మూడేళ్లు ఉందనగా ఆమె కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. మొదట టీ గ్లాసు, తర్వాత సూది. సూది పట్టుకోలేని నర్సును కాగితాల పనికి మార్చారు. ఆ బాధ ఆమె నాకు చెప్పలేదు. ఒక మంచి ఫోన్ కొనుక్కుని, ఆదివారం పూట కుప్పంలో మొదటి బస్సెక్కి, వి.కోట, బైరెడ్డిపల్లె దాటి, పలమనేరులో బస్సు మారి మా పల్లెకు వచ్చి సీతాకోకచిలుకల వెంట పడింది. శివరాత్రి అయ్యీ కాకుండా, చలి పొద్దునా సాయంత్రం మాత్రమే మిగిలి, కానుగచెట్లు పాత ఆకంతా రాల్చి మెత్తటి లేతాకు వేసుకునే రోజులవి. "నువ్వు కూడా రా వదినా. నేను సూపిస్తా, నువ్వు తియ్. నీ సెయ్యి వొణకదు గదా" అంది.

నాకైతే అది పనిలేని పనిగా తోచింది. మాది పట్టుపురుగుల షెడ్డు. ముప్పై ఏళ్లు మల్బరీ ఆకు కోసి, తరిగి, పురుగుకు వేసిన చేయి ఇది. పురుగు గూడు కట్టుకోవాలి, ఆ గూడు మార్కెట్టుకు పోవాలి. లోపలిది రెక్కలు తెచ్చుకుని గూడు చిల్లి చేసుకుని బయటికి వచ్చిందంటే ఆ గూడు దారానికి పనికిరాదు. రెక్కలు వచ్చాయంటే మాకు పంట పోయినట్టే. "రెక్కలొచ్చేదానికి నువ్వు మురస్తా ఉండావు, రాకుండా సూసేది నా పని" అంటే, "అందుకే నీకు పాపం తగిలి మోకాళ్లు నొస్తాండాయి" అని వెక్కిరించేది.

అయినా పోయాను. పోయినకొద్దీ, నడిచేటప్పుడు నా కళ్లు కాళ్ల కిందనుంచి లేచి చెట్ల మీదికి పోవడం అలవాటు చేసుకున్నాయి. మామిడితోటల్లో పూత మీద తేనెటీగల మోత, ఆ పైన కొమ్మల రసం తాగి బతికే బదనిక పట్టిన చోట తెల్లటి సీతాకోక ఒకటి తిరిగేది. పైనుంచి చూస్తే ఉత్త తెలుపు, రెక్కలు ముడిస్తే కింద పసుపూ ఎరుపూ, లోపల మాత్రం పట్టు జాకెట్టు తొడుక్కున్న బీద పెళ్లికూతురు మాదిరి. తంగేడు పొదల దగ్గర నిమ్మపండు రంగువి. మడవ తెంచి నీళ్లు పారించిన తడి ఇసుక మీద ఇరవై ముప్పై కలిసి నీళ్లు తాగేవి. ఒకసారి మదనపల్లెకు పెళ్లికని బయల్దేరి, దారిలో ఎవరో పారబోసిన టమోటాల గుట్ట మీద నల్లటివీ నీలం చుక్కలవీ వాలి రసం తాగుతుంటే చూసి, ఇద్దరం పట్టుచీరల్లో ఆ కుళ్లు వాసన మధ్య గొంతుక్కూర్చున్నాం. తాళి కట్టే వేళ దాటిపోయింది. పెళ్లికి ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు ఆమె, "బస్సు రాలా" అనేసింది. నేను, "వచ్చింది, మేమే ఎక్కలా" అన్నాను. నాకు అబద్ధం నోట్లోంచి రాదు. దాని వల్ల బంధువుల్లో సగం మంది నాతో మాట్లాడరు, మిగతా సగం జాగ్రత్తగా మాట్లాడతారు.

ఆమె తీసినవి మసకగా వచ్చేవి. నేను తీసినవి బాగా వచ్చేవి, కాకపోతే సగం ఫోటోల్లో సీతాకోక ఉండేది కాదు. నేను నొక్కేలోపల అది లేచిపోయేది. "ఆకును బాగా పట్టినావు వదినా, సీతాకోక ఇప్పుడే లేచి బయటికి పోయిండాది" అని పొట్ట పట్టుకుని నవ్వేది. రెండు రకాలూ నాకు వాట్సాప్‌లో పంపి, కింద తనకు తోచిన పేరు రాసేది. కరివేపాకుది, బదనికది, పెండ్లి ఎగ్గొట్టింది. కూడబలుక్కుని చదివే అలవాటు పోయి నాకు గబగబా చదవడం వచ్చింది ఆ పేర్ల వల్లనే.

వీటన్నిటినీ మించి ఆమెకు ఒక కోరిక ఉండేది. గూట్లోంచి సీతాకోక బయటికి వచ్చేటప్పుడు చూడాలి, ఫోటో తీయాలి. "ఎన్ని వేల కాన్పులు సూసినానో వదినా. ఇది ఒక్కటి సూడలా" అనేది. మా షెడ్డు కంచె పక్కన జిల్లేడు చెట్లున్నాయి. నారింజ రంగు సీతాకోక దాని మీదే గుడ్డు పెడుతుంది. పురుగు తిన్నంత తిని ఆకు కింద తలకిందులుగా వేలాడి గూడవుతుంది. మా పట్టుగూడు మాదిరి దారం చుట్టుకోదు. చెవికి వేలాడే జుంకీ మాదిరి, లేత ఆకుపచ్చగా ఉంటుంది, దాని మీద ఎవరో కొలిచి పెట్టినట్టు బంగారు చుక్కలు. మొదటి ఏడు ఆమె వచ్చేసరికి ఖాళీ పొట్టు వేలాడుతోంది. రెండో ఏడు చీమలు తినేశాయి. మూడో ఏడు చేయి భుజం దాకా వణుకుతోంది, కాలు కూడా ఈడ్చి నడుస్తోంది. ఆకు కింద జుంకీని చూపించి, తన జడలోని ఎర్ర రిబ్బను ముక్క ఆ కొమ్మకు కట్టించింది. "వచ్చే ఆదివారానికి సరిగ్గా బయటికి వస్తాది. వచ్చే ఏడు ఈ ఒళ్లు నేను సెప్పినట్టు ఇనదు వదినా. ఇదే నాకు కడా తూరి. జాగ్రత్తగా సూసుకో" అంది. సరేనన్నాను.

చూసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు పోయి చూశాను. చీమలు ఎక్కకుండా చెట్టు మొదట్లో బూడిద పోశాను. శనివారం సాయంత్రం కూడా పచ్చగానే ఉంది. ఆదివారం తెల్లవారి ఆకు ఎత్తి చూస్తే నల్లబడిపోయి ఉంది. మా పనిలో నల్లబడిన గూడంటే ఒకటే: లోపల పురుగు చచ్చి కుళ్లింది. దాన్ని ఏరెయ్యకపోతే పక్క గూళ్లకూ మచ్చ అంటుతుంది. ముప్పై ఏళ్లుగా పురుగులు గూడు కట్టుకునే వెదురు చంద్రికల్లోంచి అలాంటివి ఎన్ని ఏరి పారేశానో. అయ్యో, అంత దూరం నుంచి ఆశపడి వస్తోంది, చచ్చిపోయి వేలాడుతుండగా చూస్తే తట్టుకోలేదు, ఆమె రాకముందే తీసేస్తే మేలు అనుకున్నాను. ఆకుతో సహా తుంచి, చచ్చిన పురుగుల్ని పూడ్చే గుంతలో వేసి, పైన పిడికెడు సున్నం చల్లి, చేతులు కడుక్కున్నాను.

ఆమె వచ్చింది. చెప్పులు విడవకుండా కంచె దగ్గరికే పోయింది. "యాడుండాది వదినా?" "సచ్చిపోయింది పాపా. తెల్లారి సూస్తే నల్లగా ఉండాది. తీసి గుంతలో ఏసినా." "నల్లగా అంటే? లోపల్నించి నారింజ రంగు ఏమన్నా అవుపించిందా?" "ఔ, అంచుల్లో కొంచెం..." అంటూనే గుంత వైపు తిరిగాను. చచ్చిన పురుగుకు నారింజ రంగు ఎక్కడినుంచి వస్తుంది? అది రెక్క రంగు. బయటికి వచ్చే రోజున గూటి పొర పలచబడి, లోపలి రెక్కలు బయటికి కనిపిస్తాయట. ఆ రంగే నాకు కుళ్లులా కనిపించింది.

వణికే చేత్తో పుల్ల పట్టుకుని ఆమే గుంత కెలికింది. దొరికింది. గూడు చీలి ఉంది. ఒక రెక్క బయటికి వచ్చి, తడికి సున్నం పట్టుకుని ముద్దగా ఉంది. రెండోది ఇంకా లోపలే ఉంది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని, చీర కొంగుతో సున్నం తుడవబోయి మానుకుంది. "నొప్పులు మొదలైనాక పూడ్సినావు గదా వదినా" అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి ఉందును. తర్వాత ఆమె కాళ్లు కడుక్కుని, నేను పెట్టిన సంగటి తిని, పులుసు బాగుందని కూడా చెప్పి, సాయంత్రం బస్సుకు పోయింది. ఆ ఏడు మా జిల్లేడు మీద ఇంకో జుంకీ వేలాడలేదు.

మరుసటి శివరాత్రికి ఆమె లేచి తిరిగే స్థితిలో లేదు. మా ఇంటికి వచ్చి ఉండమంటే, కుప్పం విడిచి రానంది. పక్కింటామె వంట చేసి పెట్టి, ఫోన్ దిండు మీద పెట్టి పోయేది. ఆ ఏడు ఆమె అడగకుండానే నేను కంచె దగ్గర కూర్చున్నాను. గూడు దొరికిన రోజునుంచి పట్టుపురుగులకు ఆకు వేసే పని మా ఆయనకు అప్పగించాను. "ఆడ కూసోని ఏం కాస్తాండావే?" అంటే, "అప్పుంది" అన్నాను. ఆకు తుంచి బస్సులో కుప్పానికి తీసుకుపోదామా అని ఒకసారి అనిపించింది. ఒకసారి చేయి పెట్టి చెడగొట్టినదాన్ని, మళ్లీ ముట్టే ధైర్యం రాలేదు. తొమ్మిదో రోజు పొద్దున నల్లబడింది. ఫోన్ చేశాను. "పాపా, నల్లబడింది" అన్నాను. "తియ్యొద్దు" అంది వెంటనే. "తియ్యనులే. ఫోటో తీసి పంపిస్తా, ఫోన్ పెట్టెయ్." "వొద్దు వదినా. పెట్టొద్దు. నువ్వు సూసింది సూసినట్టు సెప్పు, నేను ఇంటా."

అట్లా ఫోన్ చెవికి పెట్టుకునే ఉండిపోయాను. ఫోటో లేదు. గూడు కింద చీలిందని చెప్పాను. తల వచ్చిందని, కాళ్లతో పొట్టును పట్టుకుని వేలాడుతోందని, రెక్కలు తడిసిన బట్ట మాదిరి ముడతలు పడి పొట్ట కంటే చిన్నగా ఉన్నాయని చెప్పాను. "నీళ్లేమన్నా కారినాయా?" "ఔ, ఎర్రగా ఒక సుక్క." "మంచిదే. రెక్కలు సాగుతాండాయా?" "సాగుతాండాయి. పైనుంచి కిందికి. అంచు నలుపు, దాంట్లో తెల్ల సుక్కలు. నారింజ రంగు, మన కనకాంబరాల మాదిరి." దిండు మీదనుంచి ఆమె ఊపిరి వినపడుతోంది. నేను ఏ కాన్పూ అంత వివరంగా ఎవరికీ చెప్పలేదు. రెక్కలు ఒకసారి విప్పింది, మూసింది, మళ్లీ విప్పింది. ఎండ కంచె దాటి మా మీదికి వచ్చింది. అది లేచి, జిల్లేడు మీదుగా ఒక తూగు తూగి, మల్బరీ తోట వైపు పోయింది.

"ఎగిరిందా వదినా?" అంది. నేను ఖాళీ పొట్టును చూస్తూ నిలబడ్డాను. ఎగిరిందంటే ఫోన్ పెట్టేస్తుంది. "లేదు పాపా, ఈడే ఉండాది. రెక్కలు ఆరబెట్టుకుంటా ఉండాది" అన్నాను. "ఎండ ఎంత పైకొచ్చింది?" "షెడ్డు రేకు మీదికి." "అట్లయితే ఎప్పుడో పోయింటాదే." "పోలేదంటే ఇనవే? నా కండ్ల ముందర ఉండాది." ఎనిమిదో ఏటినుంచీ నా సంగతి ఎరిగిన మనిషి ఆమె. "సరే, ఉండనీ. ఇంకా సెప్పు" అంది. నేను చెబుతూనే ఉన్నాను, రెక్క మీద ఎన్ని చుక్కలున్నాయో, గాలికి ఆకు ఎట్లా ఊగుతోందో, అది ఎటు తిరిగి కూర్చుందో. ఆ వర్షాకాలం ఆమె పోయింది. ఇప్పటికి ఎన్నో వసంతాలు నన్ను అడక్కుండా వచ్చి, అడక్కుండా వెళ్లిపోయాయి. కాలాన్ని నేను కాస్త నిలబెట్టుకోగలిగింది ఆ పొద్దున ఒక అరగంట మాత్రమే, అదీ అబద్ధమాడి.