తల్లిగారింటికొచ్చిన వాలుగ

నా చిన్నప్పుడు మా వాగులో దొరికిన వాలుగ చేప నా చేయంత ఉండేది. నా పెళ్ళినాటికి అది నిలువెత్తయింది. ఇప్పుడైతే ఎల్బీ నగర్ మెట్రోలో పెట్టెలన్నీ దాని ఒక్కదానికే కావాలి. నా మాటల్లో సగం కోతలేనని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకని ఈసారి చేయంత దగ్గరే ఆపుతాను.

మా ఊరు హయత్‌నగర్ అవతల. తొలివానలకు వాగు పొంగగానే మూసీలోంచి వాలుగలు నీటికి ఎదురెక్కి, గుడ్లు పెట్టడానికి మా వైపు వచ్చేవి. ఒకరోజు మా చిన్నాయన వలలో ఒకటి పడింది. వెడల్పు నోరు, పొడుగాటి మీసాలు, ఉబ్బిన కడుపు. తెచ్చి నీళ్ళ గోలెంలో వేసి కత్తిపీట కడిగాడు. గుడ్ల వేపుడు నాకే కావాలని నేను గంతులేస్తున్నాను.

మా నాయనమ్మ గోలెంలోకి తొంగిచూసింది. "కాన్పుకు తల్లిగారింటికొచ్చిన పిల్లను కోసుకతింటవారా?"

"చాపకు తల్లిగారిల్లేందే అమ్మా!"

"నీ పెండ్లాం ఏ పని మీద పోయిందో, ఇది గా పని మీదనే ఒచ్చింది. కొయ్యి, నాకేంది. జర దాని మొఖం యాది జేసుకొని కొయ్యి."

మా చిన్నమ్మ అప్పుడు తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. చిన్నాయన కత్తిపీట పక్కకు నెట్టాడు. నాయనమ్మకు చేపల కూరంటే ప్రాణం, ఎండాకాలమంతా వండించుకునేది. గుడ్లతో వచ్చినదాన్ని వదిలితేనే మళ్ళీ ఎండాకాలానికి కూర దొరుకుతుందన్న ఆ ముసలిదాని కిటుకు నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. ఆడబిడ్డను ఒడిబియ్యం పోయకుండా పంపకూడదంటూ గుప్పెడు పసుపు బియ్యం నా చేతిలో పోసింది. చిన్నాయన చేపను వాగులో వదిలితే నేను బియ్యం చల్లాను. అది మీసాలెత్తి నన్ను దీవించిందని అందరికీ చెబుతుంటాను. నిజానికి తోకతో మొహాన బురద కొట్టి పోయింది.

తరువాత వాగులో ఇసుక తోడేశారు. గుడ్లతో వచ్చినవాటిని వచ్చినట్టే సన్నవలలతో ఊడ్చారు. మూసీ నల్లబడి నురుగు కక్కింది. నేను కథలో చేపను పెంచుకుంటూ పోయాను. "కాదు, ఇంతే ఉంటుంది" అని ఎవరైనా పట్టి చూపించడానికి అక్కడ ఒక్కటీ మిగల్లేదు.

మొన్న తొలివానకు బస్సెక్కి మా ఊరికి వెళ్ళాను. మా పొలాలు ప్లాట్లయ్యాయి, ఇల్లు చేతులు మారింది. వాగు మీద ఇప్పుడు సిమెంటు పలకలు. వాటి సందుల్లోంచి మురుగు వాసన. వాలుగకూ నాకూ అక్కడ తల్లిగారిల్లు లేదు. ఆ నీళ్ళలో చల్లబుద్ధి కాక, తీసుకెళ్ళిన పసుపు బియ్యం కొంగున ముడేసుకునే తిరిగి బస్సెక్కాను.

అయినా వాన చినుకు పడిందంటే చాలు, నా చెయ్యి బియ్యం డబ్బా వెతుక్కుంటుంది.