బ్లీచింగ్ తొట్టి దగ్గర చెప్పిన నిజం

అరచేతుల్లో ఎర్రటి మచ్చలు కనబడిన రోజు నేను తిట్టింది బ్లీచింగ్ పౌడర్‌ని. ముత్తుకూరు దగ్గర మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. బయటి రోగం లోపలికి రాకుండా, వచ్చిన ప్రతివాడూ గేటు దగ్గరి తొట్టిలో కాళ్లు ముంచి రావాల్సిందే. అందులో బ్లీచింగ్ కలిపేది నేనే. చేతులకు పౌడర్ పడటం లేదనుకొని రబ్బరు గ్లౌజులు కొనుక్కున్నాను. మచ్చలు పోలేదు సరికదా, అరికాళ్లలోనూ తేలాయి.

అప్పుడు గుర్తొచ్చింది, నెలన్నర కిందటి పుండు. చెప్పుకోలేని చోట వచ్చింది. నొప్పి లేదు, దానంతటదే మానింది. పీడా పోయిందని ఆ రోజు చేపల పులుసు వండుకొని తిన్న ఘనుణ్ణి నేను.

నా భార్య సుగుణ ఏడో నెలలో కాన్పుకని బుచ్చిరెడ్డిపాలెం పుట్టింటికి వెళ్లింది. తర్వాత రొయ్యపిల్లల కోసం నేను వెళ్లిన ఊళ్లో పాత పరిచయస్తురాలు కలిసింది. ఒక్కసారే. కండోమ్ ఎందుకు వాడలేదని తర్వాత చాలా ఆలోచించాను. మా ఊళ్లో మెడికల్ షాపు వరసకు మామ అయ్యేవాడిది, అక్కడ అడగాలంటే సిగ్గు. సరే, అది పరాయి ఊరు కదా? అసలు సంగతేమిటంటే, జేబులో పెట్టుకొని వెళితే ముందే అనుకొని తప్పు చేసినట్టు. లేకుండా వెళితే ఏదో అలా జరిగిపోయిందని సర్దిచెప్పుకోవచ్చు. పైగా మనిషి కళకళలాడుతోంది. ఎంత చురుగ్గా ఈదే రొయ్యపిల్లలనైనా రోగం లేదని తేల్చే పీసీఆర్ టెస్ట్ లేకుండా గుంటలో వదలని నేను, ఆమె ముఖం చూసి సర్టిఫికెట్ ఇచ్చేశాను.

నెల్లూరులో స్కిన్ డాక్టరమ్మ నా చేతులు చూసి బ్లడ్ టెస్టులు రాసింది. వీడీఆర్ఎల్ పాజిటివ్. సిఫిలిస్ అనే సుఖవ్యాధి. హెచ్ఐవీ నెగటివ్, అయినా మళ్లీ చేయించాలట.

"పెన్సిలిన్‌తో తగ్గిపోతుంది. మీరు కలిసినావిడకు ఫోన్ చేసి టెస్టు చేయించుకోమనండి. మీ భార్య పుట్టింటికి వెళ్లాక మీరు దగ్గరవలేదు కాబట్టి ఆమెకు అంటదు, అయినా ఆమెకూ చెప్పండి," అంది.

ఇంజెక్షన్ చేసిన సాయంత్రం రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. మందు పనిచేసేటప్పుడు ఒక్కోసారి అలా జ్వరం వస్తుందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. మర్నాటికి తగ్గింది. ఆ పరిచయస్తురాలికీ ఫోన్ చేశాను. నన్ను కడిగిపారేసి, టెస్టుకు వెళ్లింది.

సుగుణకు మాత్రం చెప్పలేదు. చెబితే బిడ్డతో అక్కడే ఉండిపోతుందని భయం. రిపీట్ రిపోర్టులు వచ్చేదాకా కండోమ్ వాడమన్నారు కదా, బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉండాలి అంటే సరిపోతుందని పథకం వేశాను.

మూడు నెలల పాపతో సుగుణ వచ్చింది. వచ్చీరాగానే గుంటలు చూడాలంది. గేటు దగ్గర, ఎవరూ చెప్పకుండానే తొట్టిలో కాళ్లు ముంచింది. మనింటి మనిషివే కదా, పర్లేదన్నాను.

"మనింటి మనిషినైతే ఏంది? ఇన్నాళ్లు యాడ తిరిగొచ్చినానో నీకేం తెలుసయ్యా?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక నా పథకం మీద నాకే అసహ్యమేసింది. గట్టు మీద కూర్చొని అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఎత్తుకుంటే పాపకేమీ కాదని డాక్టరమ్మ చెప్పిందన్నా, కోపంతో పాపను నా చేతికివ్వలేదు. పది రోజులు పలకలేదు. కంచం మాత్రం ఊరంతా వినబడేలా పెట్టేది. పదకొండో రోజు నోరు విప్పింది.

"గుంటకొక రూలు, పెండ్లానికొక రూలా? నిన్ను నమ్మేది నమ్మంది తర్వాత. ముందు రిపోర్టు రానీ."

ఆ తర్వాత మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. హెచ్ఐవీ నెగటివ్, వీడీఆర్ఎల్ అంకె బాగా దిగింది, మందు పనిచేసిందన్నమాట. సుగుణ ఆ కాగితం రెండుసార్లు చదివి, పాపను నా ఒళ్లో పెట్టింది. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు నిజంగానే రెండో బిడ్డకు ఎడం కావాలి. మామ షాపుకు సుగుణే వెళుతుంది. పారాసిటమాల్ అడిగినంత మామూలుగా కండోమ్ ప్యాకెట్ అడుగుతుంది. ఆయన గబగబా న్యూస్‌పేపర్లో చుట్టబోతే, "పేపరెందుకులే మామా" అంటుంది. ఆ ప్యాకెట్ మా అలమరలో పాప గ్రైప్ వాటర్ పక్కనే ఉంటుంది.

భయం నాతో పాటు ఎక్కువ రోజులు ఉండలేదు, మచ్చలతోనే పోయింది. చేతికందే చోట ఉన్న ప్యాకెట్టే పనిచేస్తోంది. అందుకని నా సలహా ఒక్కటే: మనసు గట్టిదని నమ్ముకోకండి, ముందే కొని దగ్గర పెట్టుకోండి. షాపులో అడగడానికి మరీ సిగ్గయితే చెప్పండి, సుగుణను పంపిస్తాను.