హిస్టరీలో మా బావ పేరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి. మా లెక్కల మాస్టారిని మించిన దెయ్యం ఇంకోటి ఉంటుందంటే ఇప్పటికీ ఒప్పుకోను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గాజువాకలో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. నా కంప్యూటర్‌కి డాక్టరు మాన్యుయల్. ద్వారకా నగర్‌లో ఓ షాపులో రిపేర్లు చేసేవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరికొకరం బావలం.

యాంటీవైరస్ వేసింది అతనే. వెనకాల తనంతట తానే నడిచే స్కాన్ ఒకటి, మనం నొక్కితే నడిచేది ఒకటి అని చెప్పాడు. మొదటిది నడుస్తుంటే ఆల్బమ్ పని నత్తలా సాగుతుందని నేను దాన్ని ఆపేశాను. చూసి తిట్టాడు.

“ఎనకాల కాపలా కాసేవోణ్ణి పంపీసేవేటి బావ? పోనీ, బోయినానికెల్లే ముందు నువ్వే నొక్కు.”

నొక్కితే, అయిన స్కాన్‌లన్నీ రాసుకునే హిస్టరీలో ‘మాన్యువల్’ అని ఇంగ్లీషులో పడింది. నా ఇంగ్లీషుకి అది అతని పేరులాగే కనిపించింది.

“నొక్కింది నానైతే నీ పేరు రాత్తాదేటి బావ?”

స్టూలు మీంచి పడబోయేంత నవ్వాడు. చేత్తో నొక్కిందని దానర్థమట. అప్పట్నుంచి మాకదే జోకు.

పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు.

తన కూతురి పెళ్లిలో అతను పాడిన పాట నేనే వీడియో తీశాను. అతని గొంతు మిగిలింది అందులోనే. ఇంకో కాపీ తీయాలి తీయాలి అనుకుంటూనే ఉన్నాను, తీయలేదు. ఏడాది ప్రార్థనకి ఆ వీడియో కావాలని అతని భార్య, నన్ను అన్నయ్యా అని పిలిచే మేరీ, అడిగింది.

ఆ రోజు పొద్దున్న ఆమె పంపిన పెన్‌డ్రైవ్‌లోంచి పాత ఫోటోలు ఆ వీడియో ఉన్న ఫోల్డర్‌లోకే కాపీ చేశాను. స్కాన్ నొక్కలేదు. ఒంటిగంటకి షట్టర్ వేసి, ఇంటికెళ్లి చేపల పులుసు తిన్నాను. ఆల్బమ్ సేవ్ అవుతోందని కంప్యూటర్ మాత్రం కట్టేయలేదు.

తిరిగొచ్చేసరికి తెర మీద ఎర్రటి పెట్టె. ఫైళ్లన్నిటికీ తాళం వేసి తెరవనివ్వని వైరస్ దొరికిందనీ, దాన్ని పక్కన బంధించాననీ చెబుతోంది. హిస్టరీ తెరిచాను. ఒంటిగంటా ఇరవై. స్కాన్ అయింది ఆ ఒక్క ఫోల్డరే. రకం: మాన్యువల్.

సెట్టింగులు తెరిచి చూశాను. వెనకాల స్కాన్ ఆపేసే ఉంది. షట్టర్ తాళంచెవి ఒకటే, నా జేబులోనే ఉంది. ఎలుకేదో మౌస్ ఎక్కిందనుకుందామన్నా, సరిగ్గా ఆ ఫోల్డర్‌నే వెతికి స్కాన్ నొక్కేంత చదువుకున్న ఎలుక గాజువాకలో ఉందా? బావ పనిచేసిన షాపువాళ్లనీ అడిగాను. బుర్ర గోక్కున్నారు.

వీడియో ఇస్తూ మేరీకి అంతా చెప్పాను. పాట పూర్తిగా విని, కళ్లు తుడుచుకుంది.

“నీ బద్దకం ఆయనకి తెల్దా అన్నయ్యా? నువ్ నొక్కవనే వచ్చినాడు.”

ఇప్పుడు వెనకాల స్కాన్‌ని ఆపడం లేదు. భోజనానికి ముందు నా చేత్తో ఇంకోటి నొక్కుతున్నాను. ఆ రోజు నొక్కింది ఎవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. ఎవరైనా సరే, దండం పెడుతున్నాను.

ఎవరు నొక్కినా పడేది మా బావ పేరే.