పది గంటలకు ఆగిపోయే చేతులు

బడిలో అందరూ ఆమెను ఫోనక్క అంటారు. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. ఫోన్లు కలిపే ఆ స్విచ్‌బోర్డు పీకేసిన రోజున తోటివాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే, ఆమె మాత్రం "దీని బదులు ఏం పెడుతున్నారు?" అని అడిగింది. కూతురి ఈడు వాళ్ల పక్కన కూర్చుని నెట్‌వర్క్ కోర్సు చదివింది. ఇప్పుడు వినికిడి లేని పిల్లల బడిలో కంప్యూటర్ల వ్యవహారమంతా ఆమెదే.

ఆ బడికి మూడు శాఖలున్నా సైగల టీచరు ఒక్కరే. ఆవిడకూ వినిపించదు. ఆవిడ ఇక్కడ పాఠం చెబుతుంటే మిగతా రెండు శాఖల పిల్లలు తెరమీద చూస్తారు.

ఒక సోమవారం నుంచి పది గంటల పాఠంలో బొమ్మ తెగడం మొదలైంది. టీచరు చెయ్యి గాలిలో ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి వాక్యం కాస్తా అయిపోయేది. అవతలి పిల్లలు తామూ అలాగే చెయ్యెత్తి బిగుసుకుపోయి నవ్వుకునేవారు.

టీచరు ఫోనక్కకు మెసేజ్ పెట్టింది: "అక్కా, నన్ను చూసి నేర్చుకోండ్రా అంటే, నన్ను చూసి శిలలైపోతున్నారు!"

ఫోనక్క ముందు కేబుల్‌ను అనుమానించింది. ఎలక్ట్రీషియన్‌ను నిచ్చెన ఎక్కించి రెండుసార్లు మార్పించింది. గుణం కనిపించలేదు.

"ఇంకా పెద్ద మెషీన్ కొందామా అమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"తలనొప్పికి తలగడ మార్చినట్టవుతుంది సార్. రెండ్రోజులు ఆగండి."

శాఖలకు వీడియో పంపే సర్వర్‌లో ఒక స్విచ్ ఉంది. అది చేత్తో పట్టుకునే పెట్టె కాదు, ఒక ప్రోగ్రాము. వీడియో ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వస్తే, ఏది ఎటు పోవాలో చూసి పంపేది అదే. ఎన్ని జారవిడిచిందో లెక్క కూడా చూపిస్తుంది. పది కొట్టగానే ఆ లెక్క పరుగందుకుంటోంది. ప్రాసెసర్ వాడకం చూస్తే పదిహేను శాతమే! అంత తీరిగ్గా ఉన్నది ప్యాకెట్లను ఎందుకు పారేసుకుంటుందో ఫోనక్కకు అంతుపట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ గొడవే మొగుడికి చెప్పింది. ఆయన కుట్టుమిషన్ల మెకానిక్.

"పదిహేను శాతం అంటే అందరిదీ కలిపి సగటా?" అన్నాడాయన. "మా షాపులో ఎనిమిది మందిమి. ఏడుగురు ఊరికే కూర్చుని ఒక్కడు చచ్చేట్టు చేసినా, సగటు చూస్తే షాపంతా ఖాళీయే కదా."

"మనింట్లో కూడా అంతేగా," అంటూ ఆమె సింకు వైపు చూసింది. ఆయన లేచి గిన్నెలు తోమాడు.

మర్నాడు పదింటికి ఆమె ప్రాసెసర్‌లో పనివాళ్లలాంటి ఎనిమిది కోర్లనూ విడివిడిగా తెరమీద పెట్టి చూసింది. ఏడు కోర్లు కునుకు తీస్తున్నాయి. మూడోది మాత్రం నూటికి నూరు శాతం పనితో సతమతమవుతోంది. స్విచ్ పనంతా దాని నెత్తినే పడింది.

ఇంత పని ఎక్కణ్ణుంచి వచ్చిందా అని స్విచ్‌కు ఇచ్చిన ఆదేశాలు ఒక్కొక్కటే చదివింది. ప్రతి ప్యాకెట్‌కూ ఒక నకలు తీసి పరీక్ష మెషీన్‌కు పంపమని ఒక ఆదేశం కనిపించింది. ఆ మెషీన్‌ను పోయిన నెలే తీసేశారు. ఆ సోమవారం టీచరు కొత్త కెమెరా పెట్టించుకున్నాక వీడియో బరువెక్కింది, దాంతోపాటే నకళ్ల బరువూ పెరిగింది.

"ఏ మహానుభావుడు పెట్టాడో!" అని పళ్లు నూరుతూ పక్కనున్న పేరు చూసింది. అది ఆమె పేరే. వేరే ఫిర్యాదు మీద రెండు నెలల కిందట తనే పెట్టి, తీయడం మరిచిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆదేశం తీసేయగానే మూడో కోరు నలభై శాతానికి దిగింది. పోయిన ప్యాకెట్ల లెక్క ఉన్నచోటే ఆగింది.

ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, "తప్పు నాదే సార్," అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఎలక్ట్రీషియన్‌కు టీ ఇప్పించింది.

"రెండుసార్లు ఎక్కించావు కదక్కా, రెండు టీలు," అన్నాడతను.

మరుసటి రోజు పాఠంలో టీచరు చేతులు ఎక్కడా ఆగలేదు. ఏదో కథ చెప్పింది. మూడు శాఖల పిల్లలూ ఒక్కసారే పడీపడీ నవ్వి, చేతులు పైకెత్తి ఆడించారు. అదే వాళ్ల చప్పట్లు.

వెనక నిలబడ్డ ఫోనక్కకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏం చెప్పావని చేత్తో అడిగితే, టీచరు బోర్డు మీద రాసింది: "మీ కథే!"

ఆ వారం నుంచే ఫోనక్క చిన్నపిల్లల తరగతిలో చివరి బల్ల మీద కూర్చుని సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టింది.