దిండు పక్కన చీటీ

పోయిన నెల మా ఆడపడుచు చిన్నకూతురి పెళ్ళికి కలకత్తాలోనే సాల్ట్ లేక్ వైపు ఒక కొత్త హోటల్లో రెండు రోజులు దిగాం. గదిలో అడుగు పెట్టగానే దిండు పక్కన రంగురంగుల చీటీ ఒకటి కనిపించింది. ఈ గదిని మీకోసం ప్రేమగా సర్దినది ఫలానా అమ్మాయి, ఆమెకు పాటలంటే ప్రాణం అని అచ్చువేసి, పక్కన నవ్వుతున్న ఫోటో ఒకటి. నేను హోటల్లోనే పనిచేసి రిటైరైనదాన్ని. ఇలాంటి చీటీలు ఈ ఊళ్ళో ఎవరికీ తోచని రోజుల్లోనే రాశానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి. అందుకే తువాళ్ళు మార్చడానికి వచ్చిన పిల్లను ఆపి, పాటలు పాడేది నువ్వేనా అని బెంగాలీలో అడిగాను. తను కాదని, ఆ పేరు గలవాళ్ళు తనకు తెలిసి ఆ హోటల్లోనే లేరని చెప్పి, ఆ పిల్ల తన పనిలో పడింది. అప్పటినుంచి నాకు మా చిన్నాన్నే గుర్తొస్తున్నాడు.

అవి ఎర్రజెండాల రోజులు. నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, కలకత్తాలో గేటు లేని ఆఫీసైనా ఉండేదేమో గాని యూనియన్ జెండా లేని ఆఫీసు ఉండేది కాదు. మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో స్థిరపడ్డారు. నాన్న రేవులో పనిచేసేవాడు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాన్న, ఒక పాత పెద్ద హోటల్లో ఇస్త్రీ విభాగానికి పెద్ద. నేను టైపు పాసై ఇంట్లో ఊరికే కూర్చుంటే, ఆయనే మేనేజరు గారితో మాట్లాడి నన్ను ఆర్నెల్ల తాత్కాలిక ఉద్యోగంలో పెట్టించాడు. పని నచ్చితే ఉంచుతారు, లేకపోతే ఇంటికే.

మేనేజరు గారు నెమ్మదైన బెంగాలీ పెద్దమనిషి. ఒకరోజు ఆయన హోటల్లోని చీటీలూ నోటీసులూ అన్నీ బల్ల మీద పరిచి నన్ను పిలిచారు. అతిథులకు పెట్టే చీటీల నిండా వద్దు అన్న మాటలే, తువాళ్ళు పట్టుకెళ్ళవద్దు, గదిలో వంట వద్దు, తొమ్మిది దాటాక వేన్నీళ్ళు అడగవద్దు. సిబ్బందికి మెట్ల దగ్గర బోర్డు మీద అంటించేవైతే హెచ్చరికతో మొదలై హెచ్చరికతోనే ముగిసేవి, అందుకని వాటిని ఎవరూ చదివేవారు కాదు, చదివితే పోట్లాటే. లోపల ఎవరు పనిచేస్తున్నారో అతిథులకు తెలియాలి, వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో పనివాళ్ళకు తెలియాలి, కథల్లా రాసిపెట్టమన్నారాయన. నా ఇంగ్లీషు మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు, వెంటనే ఒప్పేసుకున్నాను.

మొదటి చీటీ చిన్నాన్న మీదే రాశాను. సొంత చిన్నాన్న, ఆయన గురించి నాకు తెలియనిదేముంది అనుకున్నాను. దిక్కూ మొక్కూ లేని కుర్రాడు ఆకలితో ఈ గుమ్మం ముందు నిలబడితే హోటలు అన్నం పెట్టి ఆదుకుందనీ, ఆ కృతజ్ఞతతోనే ఆ సేవకుడు ఇరవై ఏళ్ళుగా మీ దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాడనీ రాసి, నేను రాసింది నేనే చదువుకుని కళ్ళు తుడుచుకున్నాను. మేనేజరు గారు అచ్చువేయించి ప్రతి గదిలోనూ పెట్టించారు.

మూడో రోజు పొద్దున అందరూ దాదా అని పిలిచే యూనియన్ నాయకుడు ఒకాయన ఆ చీటీ ఇస్త్రీ గదికి పట్టుకెళ్ళి బెంగాలీలో చదివి వినిపించాడు. చిన్నాన్న బొగ్గుల ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి, నిప్పు ఆర్పేసి, బల్ల ముందు నుంచి తప్పుకున్నాడు. ఆయన తప్పుకునేసరికి మిగతా ఎనిమిది మందీ తప్పుకున్నారు. మర్నాడు పెళ్ళివారు దిగబోతున్నారు, ఉతికిన దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. కాసేపటికల్లా గేటు దగ్గర, హోటలు మాకు బిచ్చం పెట్టిందా అని అరుపులు మొదలయ్యాయి. మేనేజరు గారు చీటీలన్నీ వెనక్కి తెప్పించి, ఈ కథలు ఇక చాలు, మీ ఉద్యోగం సంగతి సాయంత్రం మాట్లాడదాం అన్నారు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను, కానీ ఉద్యోగం ఇప్పించిన మనిషి పరువే తీశానన్న సిగ్గు అంతకంటే ఎక్కువ కాల్చింది.

సాయంత్రం దాకా ఆగలేకపోయాను. చీటీ పట్టుకుని కింది అంతస్తులోని ఇస్త్రీ గదికి వెళ్ళి, చిన్నాన్న ఎదుట నిలబడి, నేను రాసిన ప్రతి ముక్కా తెలుగులో చదివాను. ఆయన అంతా విన్నాడు.

"ఏటే గుంటా, నాను దిక్కునేనోడినని నీకెవులు సెప్పినారు? మా యమ్మ బతికుండగా నాను దిక్కునేనోడినెలగవుతాను? ముందు నన్నడగొద్దా?"

నిజమే, అడగలేదు. బట్టల గుట్ట మీద కూర్చుని పెన్సిలు తీసి, ఇప్పుడు చెప్పమన్నాను. వాట్‌గంజ్‌లో ఓడ ఆఫీసర్ల తెల్లబట్టలకు ఆయన పెట్టే గంజికి పేరుండేదట. ఆ పేరు విని ఇదే హోటల్ నుంచి అప్పటి పెద్ద మేనేజరు స్వయంగా ఆ సందులోకి నడిచివచ్చి రమ్మన్నాడట. పుట్టి బుద్ధెరిగి ఆ ఇంట్లో తిరిగిన నాకు ఈ సంగతి తెలియదు.

"నానీ హోటల్ని ఎతుక్కోనేదు, హోటలే నన్నెతుక్కుంటా వొచ్చింది. అలగ రాయి. దుప్పట్ల ముడత కనపడితే నన్నే పిలమని కూడా రాయి."

రాసింది ముందు ఆయనకు తెలుగులో, తర్వాత అందరికీ బెంగాలీలో చదివాను. దాదా సేవకుడు అన్నచోట పనివాడు అని మార్చమన్నాడు, మార్చాను. చిన్నాన్న లేచి బొగ్గులు రాజేశాడు. ఆ కాగితం మేనేజరు గారి బల్ల మీద పెడితే, ఆయన రెండుసార్లు చదివి, అచ్చుకు పంపమన్నారు.

ముడతలున్నాయని ఎవరూ పిలవలేదు గాని, ఆయన్ని చూస్తామని కిందికి దిగివచ్చిన అతిథులు మాత్రం చాలామందే ఉన్నారు. అప్పట్నుంచి మా దగ్గర ఒక పద్ధతి ఏర్పడింది, ఎవరి కథైనా వాళ్ళ భాషలో వాళ్ళకు చదివి, వాళ్ళు సరేనన్నాకే గదికైనా బోర్డుకైనా వెళ్ళేది. వేన్నీళ్ళు ఆలస్యం చేయరాదని సిబ్బందికి అంటించిన హెచ్చరిక తీసేసి, కంటి ఆపరేషనుకు వచ్చి వేన్నీళ్ళ కోసం చెంబు పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ సంగతి, ఆవిడను అడిగే, బోర్డు మీద రాశాం. ఆ తర్వాత ఆవిడ దిగిన అంతస్తులో వేన్నీళ్ళు ఆలస్యం కాలేదు. నా ఉద్యోగమూ ఖాయమైంది. ఆ పద్ధతి నేను రిటైరయ్యేదాకా తప్పలేదు, తప్పనివ్వలేదు.

పాతబుద్ధి పోక, సాల్ట్ లేక్ హోటల్లో రెండో రోజు, తువాళ్ళు మార్చే ఆ పిల్లను కూర్చోబెట్టి తన సంగతి అడిగాను. హౌరా వైపు సంత్రాగాఛి నుంచి లోకల్ రైల్లో వస్తుందట. పాటలు రావు గాని, ఇద్దరు కలిసి దుప్పటి పరిచే పెద్ద మంచం మీద ఒక్కతే పరిచేస్తుంది, అంచు ఎక్కడా వంకర పోదు. ఆ చీటీ వెనక్కి తిప్పి అదే రాసి, ఆమెకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది, చదివాను. దిండు పక్కన పెట్టబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు మాషీమా, పైవాళ్ళు చూస్తే ఊరుకోరు. ఈ చీటీలు ఎక్కడో రాసి పంపిస్తారు, మమ్మల్నెవరూ అడగరు," అంటూ దాన్ని జాగ్రత్తగా మడిచి దాచుకుంది.

ఇప్పటి చీటీల కాగితం బాగుంది, అచ్చు బాగుంది, ఇంగ్లీషు నాకంటే ఎంతో బాగుంది. మా చిన్నాన్న కథ మా పాత హోటల్లో ప్రతి గదిలోనూ ఉండేది. ఈ పిల్లది ఆమె జేబులోనే ఉండిపోయింది.