ఆర్విడ్ ట్రాక్టరుకు నిప్పురవ్వ

పదో తరగతి గట్టెక్కకుండానే బడికి దండం పెట్టినవాణ్ణి. అయినా మా విస్కాన్సిన్‌లో నేను చెయ్యేస్తే లేవని ఇంజను లేదు. ఒకసారి మంచు పగిలి సరస్సులో మునిగిన ట్రాక్టరును పైకి లాగి తాళం తిప్పితే, సైలెన్సరులోంచి రెండు చేపలు ఎగిరిపడి, ఆ తర్వాత గుర్రుమంది. చేపల్ని వేయించుకు తిన్నాం. నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి, ఆవిడా నమ్మదు.

అంతటివాణ్ణి ఆర్విడ్ టోలెఫ్సన్ గడ్డి కోసే బుల్లి ట్రాక్టరు ముందు చతికిలబడ్డాను.

ఆవుల్ని అమ్మేసుకున్నాక చర్చి వెనక సమాధుల మధ్య గడ్డి కోయడమే ఆర్విడ్‌కు బతుకు. అతని భార్య ఇంగా సమాధి కూడా అక్కడే ఉంది. సోమవారం అమరసైనికుల దినం, ఊరంతా తమ సైనికుల సమాధుల దగ్గర జెండాలు గుచ్చడానికి వస్తుంది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆలోగా కోయకపోతే పట్నం కంపెనీకి ఈ పని అప్పగిస్తామని చర్చి కమిటీ తేల్చేసింది.

"ఒరేయ్ డ్వేన్, ఈ పని పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలిరా?"

"తాళం తిప్పవయ్యా, ఏడుపు తర్వాత."

ఆ సీటు మీద ఆర్విడ్ తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు, అదీ అతని పట్టు. అతను తాళం తిప్పుతుంటే నేను రవ్వ పుట్టించే ప్లగ్గు ఊడదీసి, వైరుతోనే ఇంజను ఇనుముకు ఆనించి చూశాను. ఇంజను తిరుగుతోంది, నిప్పురవ్వ రాదు. ప్లగ్గు మార్చాను. పాయింట్లు గీకాను. కండెన్సరు, కాయిలు కొత్తవి వేశాను. రవ్వ లేదు.

"చేపల్ని లేపినవాడివి, దీన్ని లేపలేవా?" అంటూనే ఆర్విడ్ కళ్లు తిరిగి దిగి, బకెట్ మీద కూలబడ్డాడు.

ఉక్రోషంతో నేనే సీటెక్కి తాళం తిప్పాను. నేను కూర్చుంటే తూకం మిషన్లు దండం పెడతాయి. ప్లగ్గు చివర టిక్కుమని నీలం రవ్వ!

"చూశావా, నా చెయ్యి!"

ఆర్విడ్ ఎక్కాడు. రవ్వ పోయింది. నేనెక్కాను, వచ్చింది. అతను మళ్లీ ఎక్కాడు. సీటు అంచును చేత్తో అదిమాను. వచ్చింది.

మనిషి జారిపడితే బండి ఆగిపోవాలని సీటు కింద స్ప్రింగు మీట ఉంటుంది, అది నొక్కుకుని ఉంటేనే రవ్వ వస్తుంది. దాన్ని నొక్కేంత బరువు ఆర్విడ్‌లో లేదు. అప్పుడు చూశాను మనిషిని. చొక్కా ఆరేసినట్టు వేలాడుతోంది.

"ఎప్పట్నుంచి తిండి దిగట్లేదు?"

"ఈ ఏడు బంగాళదుంపలు బాగోలేవు."

"డాక్టరు దగ్గరికి పద."

"పోతే మళ్లీ వదలరురా. సోమవారం గడవనీ, ఎక్కడికంటే అక్కడికి వస్తా. ఆ మీట వైర్లు కలిపెయ్." రెండు చేతులతో నా చొక్కా పట్టుకున్నాడు. "కాళ్లు పట్టుకోమంటావా?"

కలపడం చిటికెలో పని. కలిపాక అతను తూలి పడితే, బ్లేడు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అతని వేళ్లు విడిపించుకుని చర్చి నేలమాళిగలోకి దిగాను. బోరు నీళ్ల కాఠిన్యం తీసే మిషన్లో పోసే ఉప్పు మూట ఒకటి మోసుకొచ్చి అతని ఒళ్లో పడేశాను.

"నువ్వు పడితే ఇదీ పడుతుంది, బండి ఆగుతుంది."

"చంటిపిల్లలా ఎత్తుకోవాలా దీన్ని?"

"పెళ్లినాడు ఇంగాను ఎత్తుకున్నావుగా, ఇదెంత!"

అతను నవ్వబోయి దగ్గాడు. ప్లగ్గు బిగించాను. ఇంజను అందుకుంది.

సమాధుల వరసలన్నీ అతని వెనకే నడిచాను. ఒక్క గొప్పా నోటికి రాలేదు. చెవులు ఇంజను చప్పుడు మీదే పెట్టాను, ఆగితే పరుగెత్తాలి గదా.