నాలుగు రోజులు ఆగమంది

మా అక్కను వీధిలో అందరూ కాజాలక్క అంటారు. చొక్కాల దుకాణం వాళ్ళు పంపే చొక్కాలకు చేత్తో కాజాలు తీసి గుండీలు కుట్టడం ఆమె పని. ముప్పై ఏళ్ళపాటు అదే కిటికీ, అదే పీట, అదే వంచిన మెడ. నాన్న పోయినప్పుడు తను చదువు మానేసి, నన్ను మాత్రం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు అయ్యేదాకా చదివించింది. నా ఉద్యోగం మా అక్క పెట్టిన భిక్షేనని పదిమందిలో చెప్పుకుంటూ ఉంటాను. చెప్పుకోవడానికేం, ఖర్చా?

పెళ్ళయిన కొన్నాళ్ళకు అక్క పెరట్లో మూడు కోడిపిల్లలను పెంచింది. తనకంటూ ఏదీ కొనుక్కోని మనిషి, వాటికి మాత్రం మంచి గింజలు తెచ్చేది. గూట్లో చొక్కాగుడ్డ పేలికలు పరిచేది. మూడింట్లో నల్లది గడుసుది. తిన్నగా గదిలోకొచ్చి గుండీలు పొడిచి చూసేది.

బావ బస్సు డిపోలో మెకానిక్కు. మంచివాడే గానీ, నోటి వెంట వచ్చిన మాట వెనక్కి తీసుకోవడం వాళ్ళ వంశంలో లేదు. కోళ్ళకు అయిదు నెలలు దాటగానే "ఇవి మేసేవే గానీ పెట్టేవి కావు" అని తేల్చేశాడు.

ఒక ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే బావ, "బావమరిది వచ్చాడు. ఇవాళ నల్లదాని పని పడదాం" అన్నాడు. అక్క నన్ను గబగబా పెరట్లోకి లాక్కెళ్ళింది.

"చూడరా, తురాయి ఎంత ఎర్రబడిందో. వీపు మీద చెయ్యేస్తే చతికిలబడుతోంది. పొద్దుటినుంచీ మూలమూలా చోటు వెతుక్కుంటోంది. నాలుగు రోజులు ఆగితే పెట్టేస్తుంది. నేను చెబితే ఆయన వినరు. నువ్వు ఆసుపత్రి మనిషివి, నువ్వు చెప్పు."

చెయ్యి వేసి చూశాను. పెట్ట నేలకు కరుచుకుపోయింది. అనుమానమే లేదు. ఆసుపత్రి కిటికీ దగ్గర రోజూ నేను చెప్పే మాటలే ఇవి. మొదటి గుడ్లు చిన్నగా ఉంటాయమ్మా, ఒకటీ అరా పెంకు లేకుండా మెత్తగా రావచ్చు, ఒక రోజు పెట్టి రెండు రోజులు మానేస్తాయి, కంగారు పడకండి. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా విసుక్కోకుండా చెబుతాను.

బావ కత్తి నూరుతూ, "ఏమంటాడు మీ డాక్టరు?" అన్నాడు.

ఆయనకు ఎదురు చెప్పాలంటే నాకు మొహమాటం. నోట్లో నీళ్ళూరిన సంగతి కూడా దాచను. "ఏమో బావా, చెప్పలేం. కొన్ని పెట్టనే పెట్టవు" అన్నాను. అక్క నా మొహంలోకి ఒకసారి చూసి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళిపోయింది.

కోసింది బావ, శుభ్రం చేసింది అక్క. నేను నీళ్ళు పోశాను. కడుపులో పచ్చసొనలు గుత్తిగా ఉన్నాయి, ఆవగింజంత నుంచి గోలీకాయంత దాకా. వాటి కింద పెంకు కట్టిన గుడ్డు ఒకటి. నాలుగు రోజులు కూడా అక్కర్లేదు, మర్నాటికి పెట్టేదే. అక్క దాన్ని కడిగి గట్టు మీద పెట్టింది.

బావ నాలుక కరుచుకున్నాడు. "నువ్వొక్క మాట అనుంటే ఆపేవాణ్ణి కదోయ్" అన్నాడు నాతో.

మధ్యాహ్నం అక్క నాకు కొసరి కొసరి వడ్డించింది. సిగ్గులేకుండా తిన్నాను.

మిగిలిన రెండూ పది రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత అక్క ఏళ్ళ తరబడి కోళ్ళు పెంచింది. వాటికి ఏ సుస్తీ చేసినా పక్కవీధి ముసలమ్మను అడిగేది గానీ నన్ను అడగలేదు. ఎప్పుడు వెళ్ళినా ఆప్యాయంగానే ఉంటుంది. పిల్లల చదువులు అడుగుతుంది, గుడ్లు కట్టిస్తుంది. తప్పయిందక్కా అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళకు కోడి గొడవేమిట్రా అని నవ్వేస్తుందని మింగేశాను.

మొన్న వెళితే అక్క కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. సూది పట్టి ఆరు నెలలైందట. వేడినీళ్ళ కాపడం చాలు, ఆసుపత్రి అక్కర్లేదని బావ తేల్చేశాడట. నాకు ప్రాణం ఉసూరుమంది.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదక్కా. నేను తీసుకెళ్ళేవాణ్ణి కదా" అన్నాను.

అక్క ఎడమచేత్తో నాకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. గొంతులో కోపం లేదు.

"నీకెందుకులేరా ఇబ్బంది. ఆయనతో మాట్లాడాల్సొస్తుంది" అంది.